లారీ వెనక నీళ్ళ పైపు

సొంతిల్లు కట్టించుకునేవాళ్ళకు ఈమధ్య రెడీమిక్స్ గురించి కొంత అవగాహన వచ్చింది. లారీ గేటు ముందు ఆగగానే డ్రైవరు దగ్గర చలానా తీసుకుని, ప్లాంటులో ఎన్నింటికి లోడు చేశారో చూసి, వెంటనే గడియారం వంక చూసేవాళ్ళు ఉన్నారు. రెండు గంటలు దాటిన మాలు పనికిరాదని ఎవరో ఒకరు వాళ్ళకు చెప్పి ఉంటారు. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. రెడీమిక్స్ కాంక్రీటుకు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 4926. 2003 నాటి ఆ ప్రమాణం ప్రకారం సిమెంటుకు తడి తగిలిన క్షణం నుంచి లెక్కపెట్టి రెండు గంటల్లోగా లారీ ఖాళీ కావాలి. గేటు దగ్గరికి రావడం కాదు, మాలంతా దిగిపోవాలి. అయితే ఆ నిబంధన అక్కడితో ఆగదు. గట్టిపడటాన్ని ఆలస్యం చేసే రసాయనాలు కలిపినప్పుడు, వాతావరణం చల్లగా తేమగా ఉన్నప్పుడు, చల్లబరిచిన కాంక్రీటు పంపినప్పుడు ఇంకొంత సమయం ఇవ్వవచ్చని కూడా చెబుతుంది. మొదటి మాట అందరి నోటా నానుతోంది, రెండోది ఎవరికీ పట్టలేదు. దానివల్ల అసలు ప్రమాదం ఎక్కడుందో కూడా కనిపించకుండా పోతోంది. గంటలు గడిచినంత మాత్రాన కాంక్రీటు బలహీనపడదు. గడిచిన గంటల్ని కప్పిపుచ్చడానికి సైటులో చేసే పనుల వల్ల బలహీనపడుతుంది. అందులో మొదటి ముద్దాయి లారీ వెనక వేలాడే నీళ్ళ పైపు.

ముందు డ్రమ్ములో ఏం జరుగుతుందో చూద్దాం. సిమెంటులో నీళ్ళు పడగానే మొదటి కొన్ని నిమిషాల్లో రసాయన చర్య చురుగ్గా మొదలై కొంచెం వేడి పుడుతుంది. సిమెంటు తయారీలోనే కలిపిన జిప్సం ఆ దూకుడుకు కళ్ళెం వేస్తుంది. ఆ తర్వాత రెండు మూడు గంటలపాటు చర్య బాగా మందగిస్తుంది. రెడీమిక్స్ వ్యాపారమంతా ఈ మందకొడి గంటల మీదే నడుస్తోంది. సిమెంటు తొలి గట్టిదనం కనీసం 30 నిమిషాల తర్వాతే రావాలని మన ప్రమాణాల్లో ఉంది. దీన్ని చాలామంది అరగంటలో గట్టిపడిపోతుందని తిరగేసి చదువుతారు. అది కనీస హద్దు మాత్రమే. పైగా ప్రయోగశాలలో 27 డిగ్రీల దగ్గర, అతి తక్కువ నీళ్ళతో కలిపిన సిమెంటు ముద్ద మీద సూది దించి చూసే లెక్క అది. మార్కెట్లో దొరికే సిమెంట్లకు అంతకంటే చాలా ఎక్కువ సమయమే పడుతుంది. కంకర, ఇసుక, తగినన్ని నీళ్ళు ఉన్న కాంక్రీటుకు ఇంకా ఎక్కువ. కాబట్టి రెండో గంట కొట్టగానే డ్రమ్ములో రాయి తయారవుతుందన్న భయం ఉత్తదే.

కానీ బిగుసుకోవడం మాత్రం దారి పొడుగునా జరుగుతూనే ఉంటుంది. దాన్ని కొలవడానికి సైటులో ఉండే పరికరం స్లంప్ కోను. ఎత్తు 300 మిల్లీమీటర్లు, అడుగున 200, పైన 100 వెడల్పుండే రేకు గొట్టం. అందులో పొరలు పొరలుగా కాంక్రీటు నింపి, ఒక్కో పొరను ఇనుప కడ్డీతో 25 పోట్లు పొడిచి, గొట్టాన్ని నిట్టనిలువుగా పైకి లాగుతారు. లోపలి కుప్ప ఎంత కిందికి కూర్చుంటే అంత స్లంప్. ప్లాంటులో 150 మిల్లీమీటర్లు కూర్చున్న కాంక్రీటు ట్రాఫిక్‌లో గంటన్నర గడిపాక 80 మాత్రమే కూర్చోవచ్చు. కొంత నీరు సిమెంటు రసాయన చర్యకు ఖర్చవుతుంది, కొంత ఆవిరవుతుంది. ఎండలో కాగిన పొడి కంకర కొంత పీల్చుకుంటుంది. రాయి పిండి ఎక్కువున్న రోబో ఇసుక అయితే మెత్తదనం ఇంకా తొందరగా పోతుంది. మెత్తదనం కోసం ప్లాంటులో కలిపిన రసాయనం, అంటే అడ్మిక్చర్ కూడా నిమిషాలు గడిచేకొద్దీ చేవ కోల్పోతుంది. డ్రమ్ము తిరుగుతూనే ఉంటే గట్టిపడదుగా అని కొందరు అడుగుతారు. తిప్పితే గడ్డ కట్టదు, కంకర అడుగుకు చేరదు, అంతవరకే దాని ఉపయోగం. రసాయన చర్యను తిప్పుడు ఆపలేదు. పైగా ఆగకుండా తిప్పితే రాపిడికి కాస్త వేడెక్కుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఎక్కువసేపు డ్రమ్ములో తిరిగిన కాంక్రీటు మీద దశాబ్దాలుగా ప్రయోగాలు జరిగాయి. నీళ్ళు అదనంగా చేర్చకుండా, అచ్చులో పూర్తిగా కూరగలిగినంత కాలం, ఆలస్యమైన కాంక్రీటు 28 రోజుల బలం తగ్గలేదు. కొన్నిసార్లు కాస్త పెరిగింది కూడా. వినడానికి వింతగా ఉన్నా కారణం సూటిగా ఉంది. 1918లో షికాగోలో డఫ్ ఏబ్రమ్స్ తేల్చి చెప్పిన సూత్రం ప్రకారం కాంక్రీటు బలాన్ని ప్రధానంగా నిర్ణయించేది నీటికీ సిమెంటుకూ మధ్య నిష్పత్తి. దారిలో కొంత నీరు ఆవిరైతే ఆ నిష్పత్తి తగ్గుతుంది, బలం పెరుగుతుంది. కాకపోతే పూర్తిగా కూరగలిగినంత కాలం అన్న షరతును మరిచిపోకూడదు. బిగుసుకున్న మాలు బీములో దగ్గర దగ్గరగా కట్టిన ఊచల మధ్యకు దిగదు, వైబ్రేటరు పెట్టినా కదలదు. సెంట్రింగ్ విప్పాక అడుగున కంకర తేలి, గుల్లలు గుల్లలుగా కనిపిస్తుంది. కాంక్రీటులో ఖాళీలు నూటికి 5 పాళ్ళుంటే బలం దాదాపు 30 శాతం పడిపోతుందని ఇంజినీరింగ్ పుస్తకాలు చెబుతాయి. కాబట్టి బిగుసుకున్న మాలును ఉన్నదున్నట్టు పోయమని ఎవరూ అనరు. మరేం చేయాలి అన్నప్పుడే పైపు బయటికి వస్తుంది.

ఎం25 గ్రేడు కాంక్రీటు, 6 ఘనపు మీటర్ల లారీ అనుకుందాం. ఒక్కో ఘనపు మీటరులో 320 కిలోల సిమెంటు, 160 లీటర్ల నీళ్ళు. నిష్పత్తి 0.50. మాలు పంపులో ఇరుక్కుంటోందని పంపు ఆపరేటరు కేకేస్తాడు, మేస్త్రీ కాసిని నీళ్ళు పట్టమంటాడు, డ్రైవరు పైపు తిప్పుతాడు. ఎన్ని పట్టాడో ఎవరూ కొలవరు. 100 లీటర్లు పడ్డాయనుకోండి. ఆరు బకెట్లకు మించదు, రెండు మూడు నిమిషాల పని. ఘనపు మీటరుకు దాదాపు 17 లీటర్లు చేరి నిష్పత్తి 0.55కు వెళ్ళింది. బలం చదరపు మిల్లీమీటరుకు 4 న్యూటన్ల దాకా తగ్గుతుంది. ఎం25 అంటే 25 న్యూటన్లు. అందులో 4 పోతే 21 మిగులుతుందని కంగారు పడనక్కరలేదు. ప్లాంటువాళ్ళు సగటున 31.6 న్యూటన్లు వచ్చేలా మిశ్రమం రూపొందిస్తారు. ఏ రెండు లోళ్ళూ ఒకేలా ఉండవు కాబట్టి, నూటికి ఐదు ఫలితాలకు మించి 25 కంటే తగ్గకుండా చూడటానికి ఆ 6.6 న్యూటన్ల గుంజాయిష్ పెట్టుకుంటారు. సగటు 27.6కి దిగితే 25 కంటే తక్కువ వచ్చే ఫలితాలు నూటికి ఐదు నుంచి ఇరవై ఐదు దాకా పోతాయి. ఇల్లు కూలిపోదు. కానీ ప్లాంటులో తెలిసీ తెలియక జరిగే తేడాల కోసం దాచిన గుంజాయిష్‌లో సగానికి పైగా ట్రాఫిక్ జామ్ కోసం ఖర్చు పెట్టేశాం. రేపు ఇసుకలో తడి లెక్క తప్పినా, పోసిన స్లాబును తడపడంలో అశ్రద్ధ జరిగినా ఆదుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

బలం ఒక్కటే అయితే అంతగా బాధపడాల్సిన పని లేదేమో. ఎక్కువైన నీరు సిమెంటుతో కలవదు. మెల్లగా బయటికి పోతూ సన్నని దారులు వదిలిపెడుతుంది. ఆ దారుల్లోంచే తర్వాత తేమ, గాలి, ఉప్పు లోపలి ఊచ దాకా చేరతాయి. విశాఖపట్నం, కాకినాడ లాంటి చోట్ల ఇది పుస్తకాల మాట కాదు, స్లాబు అడుగున పెచ్చులూడి తుప్పు ఊచలు బయటపడ్డ పాత మేడలు ఎన్నో. సముద్రపు గాలికి నేరుగా ఎదురయ్యే ఆర్‌సీసీ పనులకు కాంక్రీటు నిర్మాణాల ప్రమాణం ఐఎస్ 456 కనీసం ఎం30 గ్రేడు, నీటి నిష్పత్తి 0.45కు మించకూడదని చెప్పింది అందుకే. అక్కడ ఎం30 తెప్పించి వంద లీటర్లు పట్టించినవాడు ఎం30 ఖరీదు చెల్లించి అంతకంటే తక్కువ రకం పోయించుకున్నట్టే.

దీనికి మేస్త్రీల వైపు నుంచి వచ్చే జవాబు కొట్టిపారేసేది కాదు. దారిలో ఆవిరైన నీళ్ళే కదా మళ్ళీ పోస్తున్నాం, లెక్క సరిపోతుందిగా అంటారు. కొంతవరకు నిజమే. ప్లాంటులో కొలిచి ఇవ్వాల్సిన నీళ్ళలో కొంత ఆపుకుని, గేటు దగ్గర లెక్క ప్రకారం కలిపే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. దాన్ని తప్పు పట్టలేం. చిక్కెక్కడంటే స్లంప్ తగ్గడానికి ఆవిరి ఒక్కటే కారణం కాదు. ఆవిరైంది 30 లీటర్లే అయినా, పాత మెత్తదనం తిరిగి రావడానికి 100 పోయాల్సి రావచ్చు. మిగతా 70 రసాయన చర్యవల్ల వచ్చిన బిగువును పలచన చేయడానికి పోసినవి. ముదిరిన పాకంలో నీళ్ళు పోస్తే జారుగా కనిపిస్తుంది, లేత పాకం మాత్రం కాదు.

క్యూబులు పాసయ్యాయిగా అన్నది రెండో జవాబు. 150 మిల్లీమీటర్ల ఇనుప అచ్చులో కాంక్రీటు నింపి, 28 రోజులు నీళ్ళలో ఉంచి, మిషన్లో పెట్టి నలిపి చూస్తారు. పరీక్ష మంచిదే, ఆ కాంక్రీటు ఎప్పుడు తీశారన్నదే ప్రశ్న. ప్లాంటులోనో, లారీ గేటు దాటగానేనో అచ్చులు నింపేస్తే, ఆ తర్వాత పట్టిన నీళ్ళకు ఆ క్యూబు సాక్ష్యం చెప్పలేదు. స్లాబులో పడింది ఒక కాంక్రీటు, ప్రయోగశాలలో పాసైంది మరొకటి. పైగా ఫలితం వచ్చేసరికి నెల గడిచి, పై అంతస్తు పని మొదలై ఉంటుంది. అప్పుడు తక్కువ వచ్చిందని తెలిసినా చేయగలిగింది తక్కువ, ఖర్చు ఎక్కువ. స్లాబు నుంచి ముక్క కోసి పరీక్షించడం చిన్న ఇంటి యజమాని వల్ల అయ్యే పని కాదు.

ప్లాంటులో కూడా పైపు గొడవ ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఒక ట్రిప్పు దింపి వచ్చిన లారీ డ్రమ్మును కడుగుతారు. ఆ కడిగిన నీళ్ళు పూర్తిగా బయటికి పోవాలంటే డ్రమ్మును వెనక్కి తిప్పి కాసేపు ఒంపాలి. తొందరలో ఆ పని ఎగ్గొడితే కొత్త లోడు పాత నీళ్ళ మీద పడుతుంది. కంప్యూటరు అచ్చు వేసిన చీటీలో నీళ్ళు 160 లీటర్లని కచ్చితంగా ఉంటుంది. డ్రమ్ము అడుగున ఉన్నవి ఆ చీటీకి తెలియవు.

రెండు గంటల మీద ఇంతగా దృష్టి పెట్టే మనం లారీకీ లారీకీ మధ్య ఎడం గురించి అడగం. 1500 చదరపు అడుగుల ఇంటికి అయిదంగుళాల స్లాబు, బీములతో కలిపి 20 ఘనపు మీటర్ల పైచిలుకు కాంక్రీటు పడుతుంది, అంటే నాలుగు లారీలు. మొదటి లారీ గంటలోనే వచ్చి చక్కగా దిగిపోయింది. రెండోది పోలీసులు ఆపారనో, దారి తప్పిందనో మూడు గంటలకు వచ్చింది. ప్లాంటు నుంచి రెండోసారి తాజాగా లోడు చేసుకుని వచ్చినా సరే, దానికంటే ముందు పోసిన మాలు అంచు ఈలోపు బిగుసుకుపోయింది. కొత్త మాలు పాతదాని మీద పడుతుంది, అతుక్కోదు. ఇంజినీర్లు కోల్డ్ జాయింటు అనే ఆ గీత పైన ప్లాస్టరింగ్ కింద దాక్కుని, తొలి వానలకు స్లాబు అడుగున తడి చారలా బయటపడుతుంది. ఒక్కో చలానా చూస్తే ఏ లారీ కూడా రెండు గంటలు దాటలేదు. తప్పంతా రెండు చలానాల మధ్య ఉంది. హైదరాబాదులో ఇది మరీ ముఖ్యం. ప్లాంట్లు ఎక్కువగా శివార్లలో ఉంటాయి, పగటి వేళల్లో భారీ వాహనాలకు నగరంలో ఆంక్షలుంటాయి. అందువల్ల కాంక్రీటు పనులు రాత్రిళ్ళకు జరుగుతాయి. ఇరుగుపొరుగుకు నిద్రాభంగమే గానీ కాంక్రీటుకు రాత్రి మేలే చేస్తుంది. రోడ్లు ఖాళీ, గాలి చల్లన.

చల్లదనం ఎందుకంత ముఖ్యమంటే, వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. డిసెంబరు తెల్లవారుజామున రెండు గంటలు ప్రయాణించిన కాంక్రీటూ, మే నెల మిట్టమధ్యాహ్నం రామగుండంలో గంట ప్రయాణించిన కాంక్రీటూ గడియారం ప్రకారం వేరు, వయసు ప్రకారం ఒకటే కావచ్చు. ఈ సంగతి రెడీమిక్స్ పుట్టిన రోజుల్లోనే తెలుసు. 1903లో హాంబర్గులో రెడీమిక్స్‌కు పేటెంటు పొందిన యూర్గన్ మాగెన్స్, కాంక్రీటును చల్లబరిచి ప్రయాణ సమయాన్ని పెంచవచ్చని గ్రహించాడు. ఇవాళ పెద్ద డ్యాముల పనుల్లో నీళ్ళ బదులు ఐసు ముక్కలు కలుపుతారు. ఒక కిలో ఐసు కరగడానికి తీసుకునే వేడి, ఒక కిలో నీటిని 80 డిగ్రీలు చల్లబరిచినంత. పోలవరం స్పిల్ ఛానల్‌లో 2019 జనవరిలో ఒక్క రోజులో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోశారు. ప్లాంట్లు పని జరిగే చోటే ఉండటం అక్కడి సౌలభ్యం. ట్రాఫిక్ లేదు, అంత ఎత్తున పని సాగడానికి అదీ ఒక కారణం. కూకట్‌పల్లి సందులో ఇల్లు కట్టేవాడికి ఐసు ప్లాంటు ఉండదు. కంకర కుప్ప మీద నీడ, తెల్లవారుజామున పని, ఈ రెండూ మాత్రం ఎవరైనా అడగవచ్చు.

అడ్మిక్చర్లు వచ్చాక ఈ చర్చే అనవసరమని ప్లాంటువాళ్ళు అంటారు. వాళ్ళ మాటలో బలముంది. గట్టిపడటాన్ని వాయిదా వేసే రసాయనాలతో కాంక్రీటును మూడు నాలుగు గంటలు మెత్తగా ఉంచడం ఇప్పుడు మామూలు పని. చక్కెరకు కూడా ఆ గుణముంది. సిమెంటు బరువులో 0.05 శాతం పంచదార పడితే గట్టిపడటం నాలుగు గంటలు వెనక్కి పోతుంది. బ్రేక్‌డౌనైన లారీ డ్రమ్ములో మాలు రాయి కాకుండా డ్రైవర్లు పంచదార గుమ్మరించడం వెనక ఉన్నది ఇదే శాస్త్రం. కానీ మోతాదు తప్పితే స్లాబు మర్నాటికి కూడా మెత్తగానే ఉంటుంది. ఎండలో, గాలిలో అంతసేపు బిగియకుండా ఉన్న స్లాబు పైపొర ఆరిపోయి సన్నని బీటలు వారుతుంది. సిమెంటు బ్రాండు మారితే అదే రసాయనం మరోలా ప్రవర్తించవచ్చు. కాబట్టి ఎంత మోతాదు అనేది దూరం చూసి, ఆ పూట వేడి చూసి ముందే నిర్ణయించుకోవాలి. గేటు దగ్గర మాలు బిగుసుకుని కనిపిస్తే కూడా అడ్మిక్చరే సరైన మందు. ప్లాంటు సాంకేతిక నిపుణుడు కొలిచి కలిపి, డ్రమ్మును కొన్ని నిమిషాలు పూర్తి వేగంతో తిప్పిస్తే నీటి నిష్పత్తి మారకుండానే మాలు మెత్తబడుతుంది. ఖర్చుకు వెనకాడి నీళ్ళు పడతారు, నీళ్ళు ఉచితం గనక.

అంటే గడియారాన్ని పక్కన పెట్టేయమనా? అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ94 చాలా కాలం గంటన్నర, 300 చుట్లు అన్న రెండు హద్దులు పెట్టుకుంది. తర్వాత చుట్ల లెక్క తీసేసింది. నీళ్ళు కలపకుండానే పోయగలిగే స్లంప్ ఉంటే గంటన్నర హద్దును కొనేవాడు సడలించవచ్చని చెప్పింది. తర్కం ప్రకారం అదే సరైన దారి. అయినా మన సైట్లలో గడియారాన్ని వదులుకోకూడదనే నేనంటాను. స్లంప్ కోను, థర్మామీటరు, వాటిని చదవగల ఇంజినీరు ఉన్న పెద్ద పనుల్లో గంటల పట్టింపు తగ్గించుకోవచ్చు. ఇంటి యజమాని చేతిలో ఉన్న కొలమానం గడియారమొక్కటే. మాలు బిగుసుకుపోతోందా లేదా అన్నది ఆయనకు చూపులో తెలియదు, సమయం తెలుస్తుంది. హద్దు దాటిన లారీని వెనక్కి పంపడం ఆ హద్దు అసలు ఉద్దేశం కాదు. అది దాటితే ప్రశ్నలు మొదలవ్వాలి.

ఆ ప్రశ్నలు రాసుకోవడానికి చలానాలోనే చోటు ఉండాలి. ఐఎస్ 4926 ప్రకారం లోడు చేసిన సమయం, సైటుకు చేరిన సమయం, దించడం ముగిసిన సమయం అందులో ఉండాలి. కొనుగోలుదారు అడిగితే అదనంగా కలిపిన నీళ్ళు, అడ్మిక్చరు ఎంతో రాసి, ఆయన సంతకం తీసుకోవాలి. చాలా చలానాల్లో ఈ గడి ఖాళీగానో, అసలు లేకుండానో ఉంటుంది. ఆ గడి నింపాలని పట్టుబట్టండి. సంతకం చేసేది మీరైతే, ఆ తర్వాత బలం తక్కువైందని ప్లాంటును నిలదీయలేరు. సంతకం లేకుండా పైపు తిప్పితే ప్లాంటు బాధ్యత నుంచి తప్పించుకోలేదు. అలాగే ఆర్డరు ఇచ్చేటప్పుడు ఎం25 అని మాత్రమే చెప్పి ఊరుకోవద్దు. స్లంప్ ఎంత కావాలో పంపు దగ్గర కొలిచే లెక్కన రాయించండి, లారీల మధ్య ఎంత ఎడం ఉండాలో రాయించండి. గేటు దగ్గర మాలు బిగుసుకుంటే కలపాల్సిన అడ్మిక్చరు ఖర్చు ఎవరిదో, వెనక్కి పంపాల్సి వస్తే ఆ లోడు ఎవరి ఖాతాలో పడుతుందో కూడా అదే కాగితంలో ఉండాలి. ఈ రెండు ఖర్చులూ ముందే తేలకపోతే, అర్ధరాత్రి పంపు ఆగి, పది మంది కూలీలు స్లాబు మీద నిలబడి ఎదురుచూస్తున్నప్పుడు, ఎవరికీ ఖర్చు లేని దారి ఒక్కటే కనిపిస్తుంది. దాన్ని వాడడానికి ఎవరి అనుమతీ అడగరు.